వరసలో వెనుక నిలబడుట

మా రాళ్లబాయి గ్రామంలో కామెర్లు ఉన్నట్టు 1975 ఆగస్టులో ప్రభుత్వం అధికారికంగా అంగీకరించింది. అంతకు ముందు ఏడాదిగా గ్రామస్థులు ఎవరి అనుమతీ లేకుండానే పచ్చబడుతూ వచ్చారు. ఈ క్రమశిక్షణా రాహిత్యాన్ని ప్రభుత్వం పెద్దమనసుతో క్షమించి, సర్వేకు ఉత్తర్వులిచ్చింది.

రాళ్లబాయి ఎక్కడుందని మీరు అడగవచ్చు. హఫీజ్‌పేట్ స్టేషనులో రైలు దిగి, గచ్చిబౌలి దిక్కుగా బండల మధ్య గంటన్నర నడిస్తే చెప్పులు తెగిపోయే చోటు ఒకటి వస్తుంది. అదే మా ఊరు. ఈ బండల మధ్య ఎవరూ ఎప్పటికీ ఏమీ కట్టబోరని ఒక పెద్ద అధికారి రాసి సంతకం కూడా పెట్టారు కనుక, ఊరికి రోడ్డు వేసే ఆలోచన మానుకున్నారు. దానికి బదులు ఒక ఉప దవాఖాన ఇచ్చారు. అందులో నేను గుమాస్తాను. పేరు వెంకటరామయ్య, మాది గుడివాడ పక్క. నేను రాసినవన్నీ ప్రభుత్వం నమ్మింది. మీరు కూడా నిరభ్యంతరంగా నమ్మవచ్చు.

దవాఖానకు డాక్టరు మంజూరయ్యారు గాని రాలేదు. కాంపౌండరు సీతారామాంజనేయులు గారు మాత్రం మంజూరు కాకముందే వచ్చారు. మహా నిష్ఠాపరులు. ఆయన చేతిలో ఒక గాజు సిరంజి, ఒక సూది ఉండేవి. ప్రతి బేస్తవారం ఉదయం ఊరందరికీ బలం సూది వేసేవారు. మందు ఎర్రగా, చూడముచ్చటగా ఉండేది. జబ్బున్నవాళ్లు వేయించుకునేవారు, లేనివాళ్లు రాకుండా ఉండాలని వేయించుకునేవారు. మాత్రలిచ్చి పంపే వైద్యుణ్ణి మా ఊళ్లో వైద్యుడిగా లెక్కపెట్టరు. సూది వేయని దవాఖాన, తాళి కట్టని పెళ్లి ఒకటేనని పెద్దల అభిప్రాయం.

ఇక్కడ మా ఊరి గొప్ప సంప్రదాయం ఒకటి చెప్పాలి. సూది పొద్దున్నే సానరాయి మీద నూరి ఉంటుంది గనుక మొదటి మనిషికి హాయిగా దిగుతుంది. తర్వాత్తర్వాత మొద్దుబారుతుంది. కాబట్టి ఎవరి తర్వాత ఎవరనేది ఊరి పెద్దలు కూర్చుని నిర్ణయించారు. ముందు సర్పంచ్ బాలనర్సయ్య, ఆయన తర్వాత ఆయన తమ్ముళ్లు, ఆ తర్వాత భూములున్నవాళ్లు, చేతిపనుల వాళ్లు, కూలీలు. చివరి నుంచి రెండో మనిషి చాటింపు వేసే రామన్న. అందరికన్నా వెనక, దవాఖాన ఊడ్చే కిష్టమ్మ. ప్రభుత్వోద్యోగిని కనుక నన్ను సరిగ్గా నడుమ పెట్టారు. ముందు నుంచి లెక్కపెట్టినా వెనక నుంచి లెక్కపెట్టినా నా స్థానం మారదు. ఆ భాగ్యం మా తరగతి వాళ్లకే ఉంటుంది.

ఈ వరస మా ఊళ్లో భూముల హద్దులకన్నా గట్టిది. ఫలానా ఏడు హోలీ ముందటి బేస్తవారం ఎవరి వెనక ఎవరు నిలబడ్డారో ముసలివాళ్లు కూడా తడుముకోకుండా చెప్పగలరు. ఒక మనిషి ఒక స్థానం ముందుకు జరిగాడని రెండు కుటుంబాలు నాలుగేళ్లు మాట్లాడుకోలేదు. కిష్టమ్మ ఒక్కతే ఎవరితోనూ తగవు పడేది కాదు. ఆమె దాకా వచ్చేసరికి సూది గోరులా తయారయ్యేది. "బిడ్డా, నువ్వు గుచ్చుతలేవు, నూకుతున్నవు" అని నవ్వేది. నవ్వి, చెయ్యి రుద్దుకుంటూ మేమంతా తొక్కిన వరండా మళ్లీ ఊడ్చేది.

1973 చలికాలంలో దేశమంతటా కిరసనాయిలుకు కరువొచ్చింది. పొదుపు చేయమని పైనుంచి సర్క్యులరు వచ్చింది. అప్పటిదాకా సీతారామాంజనేయులు గారు పదిమందికొకసారి సూదిని స్టవ్వు మీద మరిగించేవారు. సర్క్యులరు చదివాక ఉదయం ఒక్కసారే మరిగించి, ఆ పైన దూదితో తుడవసాగారు. స్పిరిటు కూడా దొరక్కపోవడంతో దూదిని పొడిగా వాడారు. దూది అయిపోయాక పంచె కొంగు ఉండనే ఉంది. ఆ ఏడాది తాలూకా మొత్తంలో కిరసనాయిలు అతి తక్కువగా వాడిన దవాఖాన మాదేనని తేలి, ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. దానికి అద్దం కట్టించి స్టెరిలైజరు పెట్టే గూట్లో పెట్టారు. స్టెరిలైజరుకు వేరే చోటు దొరకలేదు.

ఆ రోజుల్లోనే బండలు కొట్టే సాయిలు గుట్ట మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, పట్నంలో రెండు సీసాల రక్తం ఎక్కించుకుని వచ్చాడు. రెండు మూడు నెలలకు అతని కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు తగ్గాయి. అతను మళ్లీ వచ్చి వరసలో తన స్థానంలో నిలబడ్డాడు. అతని వెనక తొమ్మిది మంది ఉంటారు. వానలు పడ్డాక వాళ్లలో ఒక్కొక్కరే పచ్చబడసాగారు. దసరా నాటికి కిష్టమ్మ మంచం పట్టింది. పసరు పోశారు, మణికట్టు మీద వాత పెట్టారు, చివరికి సీతారామాంజనేయులు గారు ఇంటికే వెళ్లి బలం సూది వేశారు. ఆమె జీవితంలో వరస లేకుండా పడిన సూది అదొక్కటే. కార్తీకంలో పోయింది. నేను రిజిస్టరులో మరణ కారణం దగ్గర 'ఇతరములు' అని రాశాను.

ఇక సర్వే. దాన్ని నడిపించడానికి పట్నం నుంచి డాక్టరు పార్థసారథి గారు వేంచేశారు. మూడు డిగ్రీలు, రెండు పెన్నులు, ఒక గొడుగు. ఆయన వెంట అచ్చు వేసిన ఫారాలు ఎడ్లబండి మీద వచ్చాయి. ఒక్కో ఫారంలో అరవై నాలుగు ప్రశ్నలు. కల్లు తాగుతారా, ఎండుచేపలు తింటారా, వారానికి ఎన్నిసార్లు తలంటుకుంటారు, సినిమాలు చూస్తారా, కోపం ఎక్కువా, తాతగారికి కోపం ఎక్కువా. సూది గురించి ఒక్క ప్రశ్న లేదు. ఫారం అచ్చు వేయించిన శాఖ, సూది సరఫరా చేసిన శాఖ ఒకటే. తన గురించి తానే ఊరంతా అడిగించుకోవడం ఏ శాఖకైనా మర్యాద కాదు గదా.

లెక్కలు కట్టగా, కామెర్లు వచ్చినవాళ్లలో నూటికి తొంభై మంది కల్లు తాగుతారని తేలింది. కామెర్లు రానివాళ్లలో కూడా నూటికి తొంభై మంది కల్లు తాగుతారని నా కాగితాల్లో ఉంది. కాని ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పడం గుమాస్తా పని కాదు.

ఆ సాయంత్రం డాక్టరు గారు దవాఖాన వరండా మీద నిలబడి ఉపన్యసించారు.

"మహాజనులారా! మీ శత్రువెవరో సైన్సు కనిపెట్టింది. అది తాటిచెట్టు మీద కూర్చుని ఉంది!"

అందరూ పైకి చూశారు. నిజంగానే తాటిచెట్టు మీద గౌండ్ల ఎల్లేశం కూర్చుని ఉన్నాడు. సాయంత్రపు కల్లు దించడానికి ఎక్కాడు.

ఊళ్లో ఎల్లేశం ఒక వింత. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన కల్లు తానే రుచి చూస్తాడు గాని, కళ్లు ముంజల్లా తెల్లగా ఉంటాయి. మోకు వేసుకుని అరవై అడుగుల చెట్టు ఎక్కుతాడు గాని, సూదిని దూరం నుంచి చూస్తే చాలు, ఒళ్లు తిరిగి పడిపోతాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క బలం సూది కూడా వేయించుకోలేదు. ఇతని ఫారం చూసి డాక్టరు గారు చాలాసేపు ఆలోచించి, పక్కన 'జబ్బు దాచుచున్నాడు' అని రాయించారు.

వారం తిరక్కుండా ఎల్లేశం చెట్లకు సీలు వేశారు. ముప్పై రెండు తాటిచెట్లు, పద్దెనిమిది ఈతచెట్లు. చెట్టుకు సీలెలా వేస్తారని మీకు సందేహం రావచ్చు. మొదట్లో ఒక కాగితం అతికించి లక్క ముద్ర కొడతారు. చెట్టు పైన అలాగే ఊరుతుంది, కింద చట్టం అమల్లో ఉంటుంది. రోజూ గీయకపోతే కొన్నాళ్లకు ఆ ఊట కూడా ఆగిపోతుంది. ఎల్లేశానికి, అతని భార్య భూలక్ష్మికి ఆ చెట్లు తప్ప గజం భూమి లేదు. వాళ్ల పొయ్యి ఆ పూటే ఆరిపోయింది.

మర్నాడు భూలక్ష్మి దవాఖానకు వచ్చింది. డాక్టరు గారు రిపోర్టు చెబుతున్నారు, నేను రాస్తున్నాను.

"సారూ, కల్లు అందరు తాగుతరు. మరి ముందల నిలబడేటోళ్లకు ఎందుకు రాలే, ఎనక నిలబడేటోళ్లకే ఎందుకొచ్చినయి?" అని అడిగింది.

"ఎక్కడ నిలబడటం?"

"సూది వరసల. సాయిలు ముందల ఇరవై ఒక్క మంది ఉంటరు. ఒక్కరికి రాలే. ఆయన ఎనక తొమ్మండ్రు ఉంటరు. ఏడుగురికి వచ్చి తగ్గినయి. కిష్టమ్మ సచ్చిపోయె. పేర్లు చెప్పమంటరా?" అని, ఊపిరి తీసుకోకుండా తొమ్మిది పేర్లూ వరసగా చెప్పింది. "గా సూది ఒకల సంది ఒకలకు పోతున్నది. ఒకల రోగం ఒకలకు ఎక్కిస్తున్నది. జర గా సూది సంగతి సూడున్రి."

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏ కాలేజీలో చదివావమ్మా నువ్వు?"

"సదువు రాకనే గద సారూ, కండ్ల ముందలది కానొస్తున్నది."

ఆయన సహృదయులు. ఆమె మాటను కొట్టివేయలేదు. ఫారం చివర 'ఇతర కారణములు' అని ఒక గడి ఉంది. దాని పొడవు అంగుళం. ఆమె చెప్పినదంతా అందులో పట్టదు గనుక, పట్టినంతవరకు రాయమన్నారు. నేను రాశాను: 'వరసలో వెనుక నిలబడుట.' సూది సంగతి గడి బయట పడిపోయింది. గడి దాటి రాస్తే ఫారం చెల్లదని నాకు తెలుసు. ఆ సూది ఏం చేస్తున్నదో కూడా ఆ నిమిషాన నాకు తెలుసు. నేను చేతిరాత చక్కగా ఉండేలా చూసుకున్నాను.

ఆ రిపోర్టు పైకి వెళ్లింది. అవి ఎమర్జెన్సీ రోజులు. ఫైళ్లు పరుగెత్తేవి, ఎందుకు పరుగెత్తుతున్నాయో అడిగేవాళ్లు లేరు. రెండు నెలల్లో జవాబొచ్చింది. వరసలో వెనుక నిలబడుట వల్ల బలహీన వర్గాలకు కామెర్లు సోకుతున్నట్టు ప్రభుత్వం గమనించి మిక్కిలి చింతించిందనీ, ఇకమీదట వరసను తలకిందులు చేసి, చివరివారిని ముందుగానూ ముందువారిని చివరగానూ నిలబెట్టవలసిందనీ, ఈ మహత్తర సామాజిక మార్పునకు ఫోటో తీసి పంపవలసిందనీ అందులో ఉంది. కల్లు మీద నిషేధం యథాతథం.

1976 జనవరి ఇరవై ఆరున కొత్త వరసకు ప్రారంభోత్సవం జరిగింది. మామిడాకులు కట్టారు. రామన్న తనే డప్పు కొట్టి చాటింపు వేసి, తనే వచ్చి మొదట నిలబడ్డాడు. కిష్టమ్మ బతికి ఉంటే ఆ చోటు ఆమెదే. రామన్న వెనక సాయిలు దాకా ఉన్నవాళ్లు, ఆ వెనక సాయిలు, నడుమ యథాప్రకారం నేను, నా వెనక భూములవాళ్లు. చిట్టచివర సర్పంచ్ బాలనర్సయ్య. ఆయన వెనక, ఆదర్శంగా ఉండటం కోసం, డాక్టరు పార్థసారథి గారు, అందరికీ వేయడం అయ్యాక తమకు తామే వేసుకోవడానికి కాంపౌండరు గారు.

బాలనర్సయ్య మెడలో తులసిమాల సవరించుకుని మాట్లాడారు. "వడ్డించేటోడు ఆఖర్ల తింటడు. నాకేం తక్కువ గాలే. ఇయ్యాల్టి సంది బీదోడు ముందు, పటేలు ఎనక. గీ సూది సాక్షిగ చెప్తున్న!"

చప్పట్లు మోగాయి. సూది రామన్నతో మొదలై అందరినీ పలకరించుకుంటూ, పచ్చబడి తేరుకున్న ఏడుగురినీ, సాయిలునూ దాటుకుని, సాయంత్రానికి సర్పంచ్ గారిని చేరింది. అప్పటికి అది మొద్దుబారినందువల్ల ఆయన పెట్టిన కేక ఫోటోలో పడలేదు. ఆయన పట్టుదల గలవారు. ఆ తర్వాత వరసగా పన్నెండు బేస్తవారాలు చివర నిలబడ్డారు. డాక్టరు గారు కూడా పర్యవేక్షణకు వచ్చినప్పుడల్లా మర్యాదకు ఒకటి వేయించుకునేవారు.

మృగశిర కార్తె నాటికి బాలనర్సయ్య కళ్లు పసుపు ముద్దల్లా అయ్యాయి. ఆయన తమ్ముళ్లకు అదే రంగు వచ్చింది. డాక్టరు గారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చారు. కాంపౌండరు గారి గోళ్లు కూడా పచ్చబడ్డాయి. నడుమ నిలబడేవాణ్ణి గనుక నాకు మధ్యరకం పసుపు వచ్చింది. ఇంట్లో అద్దాన్ని గోడ వైపు తిప్పి పెట్టుకున్నాను.

పెద్దలకు వచ్చేసరికి కామెర్లు గౌరవనీయమైన జబ్బు అయింది. దవాఖాన వరండాలో అత్యవసర సమావేశం పెట్టారు. పిలవకుండానే భూలక్ష్మి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఎల్లేశం ఆమె వెనక, సూది ఉన్న గది కనపడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

"పటేలా, జర తప్పుగ అనుకోకున్రి" అంది. "కల్లుతోటే కామెర్లు వస్తయని సర్కారు రాసింది. గిప్పుడు మీకూ వచ్చినయి. మా కల్లు ఎన్నడు తాగిన్రు? మా ఆయన మీకు పోసినట్టు నాకైతే యాదికి లేదు."

బాలనర్సయ్య చెవులు మూసుకున్నారు. "కల్లా? నేనా? రామ రామ! మాల పట్టుకొని చెప్తున్న, ఒక్క సుక్క ముట్టలే."

"డాక్టరు సారూ, మరి మీరు?"

"ఏమిటమ్మా ఆ మాట! నేను కాఫీ కూడా రెండు పూటలే తాగుతాను."

"కాంపౌండరు సారు తాగిన్రేమో మరి."

"శివ శివ! మా వంశంలోనే లేదండీ ఆ అలవాటు!" అని సీతారామాంజనేయులు గారు యజ్ఞోపవీతం బయటికి తీశారు.

"ఇంత మంది తాగకున్నా వచ్చినయంటే, కల్లుతోటి రానట్టే గద. లేకుంటే తాగినట్టు. రెండిట్ల ఏదో ఒకటి రాసియ్యున్రి, పోత" అంది భూలక్ష్మి.

బాలనర్సయ్య తులసిమాలను ఒక పూస తర్వాత ఒక పూస లెక్కపెట్టారు. చివరికి డాక్టరు గారు గొంతు సవరించుకుని, సైన్సు నిరంతరం ముందుకు సాగుతుందనీ, నూతన పరిశోధన ప్రకారం కల్లు నిర్దోషి అనీ నాచేత రాయించారు. ఆ సాయంత్రమే సీళ్లు తీసేశారు. యాభై చెట్లలో పదకొండు ఎండిపోయాయి. మిగిలినవి ఎల్లేశానికి దక్కాయి. అతను అక్కడికక్కడే మోకు భుజాన వేసుకుని పరుగెత్తాడు. భూలక్ష్మి మాత్రం కదల్లేదు.

"చెట్లు ఇడిపిచ్చిన్రు, సల్లగుండున్రి" అంది. "కిష్టమ్మను గూడ ఇడిపిస్తరా?"

నేను రిజిస్టరు వైపు చూశాను. 'ఇతరములు' అన్న నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి నా చేతిరాత మీద నాకు అసహ్యం వేసింది.

ఆ మీదట పెద్దలు చురుగ్గా పనిచేశారు. రెండున్నరేళ్లుగా దేశంలో ఎక్కడా దొరకని కిరసనాయిలు మూడు రోజుల్లో డ్రమ్ముతో వచ్చింది. డ్రమ్ము మీద 'ప్రముఖుల నిమిత్తం' అని రాసి ఉంది. వారి కోసం వేరే సిరంజి, వేరే సూది, వేరే స్టవ్వు. వారు వరస నుంచి తప్పుకుని, సామాజిక మార్పును ప్రజలకే పూర్తిగా అప్పగించారు.

తర్వాతి బేస్తవారం దవాఖాన ముందు రామన్న మొదలుకుని అందరం బారులు తీరాం. భూలక్ష్మి ఎండు తాటికమ్మల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, కుండెడు నీళ్లు ఎక్కించి, అంటించింది.

"ఇదేమిటమ్మా?" అన్నారు సీతారామాంజనేయులు గారు. "కిరసనాయిలు లేదు కదండీ మీ వరసకి. రూల్సులో స్టవ్వు అని స్పష్టంగా ఉంది."

"నీళ్లకు రూలు తెల్వది సారూ. మంట ఏదైనా కాగుతయి."

నిజమే, కాగాయి. మా ఊరి చుట్టూ ఎండు కమ్మలు కొండలుగా పడి ఉన్నాయి. మూడేళ్లలో ఈ ఆలోచన నాకు గాని, మూడు డిగ్రీల వారికి గాని రాలేదు. కాంపౌండరు గారు అటూ ఇటూ చూసి, మెల్లిగా సూదిని కుండలో వేశారు. భూలక్ష్మి మా వైపు తిరిగింది.

"ఒక్కొక్కలకు ఏసినంక మల్ల కాగవెట్టాలె. జర ఓపిక పట్టి నీడకు కూసోండ్రి. అందరికీ కాగిన సూదే పడ్తది. ముందల ఎవలు, ఎనక ఎవలు అని ఫికరే ఉండది."

కాంపౌండరు గారు చాలా సంతోషమన్నారు. అందరూ మంచి మాటే అన్నారు. ఎవరూ నీడకు వెళ్లలేదు. కొంచెంసేపటికి వరస మొదట్లోంచి రామన్న గొంతు వినిపించింది. పాపం, అతనివీ ఒకప్పుడు పచ్చబడిన కళ్లే.

"అందరికి కాగిన సూదే అయితే, ఇగ ముందల నిలబడి ఏం ఫాయిదా? మా తాత సంది ఎనకనే నిలబడ్డం. గిప్పుడే గద ముందలకొచ్చినం!"

వరసంతా అవునవునంది. అందరికీ ఒకటే సూది అయితే మనిషికి మనిషికి తేడా ఏముంటుందని ఒకరు అడిగారు. కూర్చుంటే తమ చోటు పోతుందని ఇంకొకరు భయపడ్డారు. కాగిన సూదిలో బలం ఉండదని మరొకరు తేల్చారు. కాంపౌండరు గారు ప్రజాభిప్రాయానికి తల ఒగ్గి, సూదిని కుండలోంచి తీసి, పంచె కొంగుతో తుడిచి, రామన్నతో మొదలుపెట్టారు. భూలక్ష్మి మంట దగ్గరే కూర్చుని ఒక్కొక్క కమ్మా ఎగదోస్తూ ఉంది. కుండలో నీళ్లు సగమయ్యాయి.

నాకు నవ్వొచ్చింది. చదువుకున్నవాణ్ణి కదా, వీళ్లెంత అమాయకులని జాలి కూడా పడ్డాను. వరస తప్పి ఆ మంట దగ్గరికి నాలుగడుగులు వేసి, అమ్మా, నాకు కాగిన సూది వేయించు అంటే సరిపోయేది. కాని వెనకవాడు నా చోటు మీద కన్నేసి ఉన్నాడు. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని అక్కడే నిలబడ్డాను.

మీరు కూడా ఈపాటికి నవ్వుకునే ఉంటారు. మంచిది. కాస్త ముందుకు జరగండి, మీ వెనక చాలామంది ఉన్నారు.